సముద్రం మీద సార్టింగ్ చేసినవాళ్ళు

(గుంతకల్లులో జాతీయ తపాలా దినం సభలో మాట్లాడినది)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివేశారు, నేను మళ్ళీ చదవను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. నాకిచ్చిన టాపిక్ బ్రిటిష్ కాలంలో మెయిల్ స్టీమర్ల టైంటేబుల్. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊరివారీగా విడదీసే సార్టర్‌గా చేసి రిటైరైనవాడికి ఓడలతో ఏం పని అని కొందరు గుసగుసలాడుకోవడం వినిపించింది. ఆ సంగతికే వస్తా.

ముందు బొగ్గు. 1830లో హ్యూ లిండ్సే అనే స్టీమరు బొంబాయిలో టపా ఎక్కించుకుని బయల్దేరితే ఈజిప్టులోని సూయెజ్ రేవు చేరేసరికి 32 రోజులైంది. అందులో చాలా రోజులు దారి పొడవునా ఆగి బొగ్గు నింపుకోవడానికే పోయాయి. 1839లో అరేబియా కొసన ఉన్న ఏడెన్ రేవును ఇంగ్లీషువాళ్ళు పట్టుకోవడం వెనక ఈ బొగ్గు అవసరమూ ఉంది. బొగ్గు దొరికాక మిగిలింది గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం బొంబాయి నుంచి పోయే ఓడ మొహం మీద కొడుతుంటే ఏ ఇంజనైనా మామూలు వేగంతో పోలేదు. అందుకే టపా ఓడలు నడిపే పీ అండ్ ఓ కంపెనీతో రాసుకున్న ఒప్పందాల్లో వానాకాలానికి అదనపు గడువు ఇచ్చేవాళ్ళు. మిగతా రోజుల్లో ఆలస్యమైతే జుల్మానా కట్టాల్సిందే. ఇదంతా ఊరికే జరగలేదు, కంపెనీకి ఏటా సబ్సిడీ ముట్టేది, అందులో ఒక వాటా మన దేశం ఖజానాలోంచే పోయేది.

ఒప్పందం అంటే గుర్తొచ్చింది, ఇది వినండి. 1869 నవంబరులో సూయెజ్ కాలువ తెరిచారు కదా, ఇక టపా ఓడలోనే నేరుగా వచ్చేస్తుందనుకుంటాం. రాలేదు! టపా ఈజిప్టు ఉత్తర తీరాన అలెగ్జాండ్రియాలో దిగాలి, రైలెక్కాలి, సూయెజ్‌లో మళ్ళీ ఓడెక్కాలి అని పాత కాగితంలో ఉంది, లండన్ పోస్టాఫీసువాళ్ళు ఆ కాగితం వదల్లేదు. ఓడ కాలువలోంచి వస్తుంది, దాంట్లోంచి దించిన బస్తాలు రైల్లో వస్తాయి, అవతలి గట్టున రెండూ కలుసుకుంటాయి! ఏళ్ళ తరబడి సాగింది ఈ తంతు. నవ్వకండి, మన సర్వీసులో ఇంతకంటే పెద్దవి చూశాం. ఒకసారి రైలు నాలుగు గంటలు లేటైతే, ఉత్తరాలు ఎందుకు లేటయ్యాయని ఒక పై అధికారి నాకు మెమో ఇచ్చాడు. రైలు నేను నడిపానా? సరే, అది పాత సంగతి, వదిలేద్దాం.

ఎక్కడున్నాం? టైంటేబుల్. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి అది గట్టిపడింది. శుక్రవారం రాత్రి లండన్‌లో టపా రైలెక్కేది, ఫ్రాన్స్ దాటి, ఆల్ప్స్ కొండల కింద 1871లో తెరిచిన సొరంగం దాటి, ఆదివారం రాత్రికి ఇటలీ కొసన ఉన్న బ్రిండిసి చేరేది. అక్కణ్ణుంచి కాలువ ఉత్తరపు కొసన ఉన్న పోర్ట్ సయీద్‌కు బస్తాలు పరిగెత్తించడానికే 1898లో ఐసిస్, ఒసైరిస్ అని రెండు చిన్న స్టీమర్లు దించారు. పోర్ట్ సయీద్‌లో పెద్ద ఓడ, కాలువ, ఏడెన్, బొంబాయి. కాలువలో రాత్రిపూట ఆగిపోయే బెడద కూడా 1887 నుంచి ఎలక్ట్రిక్ లైటు పెట్టుకున్న ఓడలకు తప్పింది. ఇంత చేసి బొంబాయిలో ఓడ దిగిన బస్తాలు సార్టింగ్ కోసం అక్కడే పడుంటే? సంపాదించిన గంటలన్నీ గాల్లో కలిసిపోవూ?

ఆ బాధ లేకుండా చాలా ముందే, 1868లోనే, సీ పోస్ట్ ఆఫీస్ పెట్టారు, అంటే ఓడలోనే పోస్టాఫీసు. మొదట సూయెజ్ నుంచి బొంబాయి వరకు, తర్వాత ఏడెన్ నుంచి. ఓడ నడుస్తుండగానే బస్తాలు విప్పి, కలకత్తా ఒక అర, మద్రాసు ఒక అర, లాహోరు ఒక అర అని ఉత్తరాలు విడదీసి, మళ్ళీ కట్టి సీలు వేసేవాళ్ళు. ఓడ రేవు తాకిందంటే బస్తాలు సిద్ధం, రైలెక్కడమే తరువాయి. మద్రాసు బస్తాలు ఏ దారిన పోయేవనుకున్నారు? 1871లో బొంబాయి లైనూ మద్రాసు లైనూ రాయచూరులో కలిశాయి. ఆదోని, గుంతకల్లు, గుత్తి, కడప మీదుగా, మనం కూర్చున్న ఈ ఊరి మీదుగానే!

ఓడలో సార్టింగ్ అంటే ఏమిటో ఇక్కడున్న మా పాతవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రైల్లో మా మెయిల్ వ్యాన్‌లో కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళ మధ్య పురికొస పట్టుకుని, కుడి చేత్తో అరల్లోకి ఉత్తరాలు విసురుతుంటే మలుపొస్తుంది. లక్క కరిగించే దీపం ఒరిగిపోతుంది, చెయ్యి కాలుతుంది. మాకు స్టేషన్ వస్తే దిగి టీ తాగే అవకాశమైనా ఉండేది. ఏడెన్ దాటాక వాళ్ళకు స్టేషనేది? వానాకాలంలో, ఆ అలల్లో, లాంతరు ఊగుతుంటే, కడుపులో తిప్పుతుంటే అడ్రస్ చదవాలి. వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ అదే బస్తా ముందు నిలబడాలి, ఎందుకంటే ఓడ రేవు చేరే టైం మారదు. కెప్టెన్ల ఫోటోలు చూశాను, ఆ స్టీమర్ల బొమ్మలు క్యాలెండర్ల మీద కూడా చూశాను. ఈ సార్టర్ల ఫోటో ఒక్కటంటే ఒక్కటి నా కంటపడలేదు. ఈరోజు కూడా చూడండి, ఫ్లెక్సీ మీద ఓడ ఉంది, పోస్టుమ్యాన్ ఉన్నాడు, సార్టర్ ఏడీ?

నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. ఒక్క నిమిషం, కోస్తా సంగతి చెప్పకపోతే మా శ్రీకాకుళం అల్లుడు ఊరుకోడు. అటువైపు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు తిరిగేవి, భీమిలి నుంచీ కాకినాడ నుంచీ మనవాళ్ళు కూలికి రంగూన్ పోయింది వాటి మీదే. అక్కడ ఓడ దూరంగా నిలబడితే పడవల్లో పోయి ఎక్కాలి. కెరటం పెరిగితే పడవ కదలదు, టపా కదలదు. రంగూన్‌లో ఉన్న కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసే తల్లికి ఏ శుక్రవారం పనికొచ్చింది?

1914లో యుద్ధం మొదలయ్యాక సీ పోస్ట్ ఆఫీస్ ఎత్తేశారు, సార్టింగ్ బొంబాయి గట్టు మీదికి వచ్చింది.

చివరిగా మీ అందరికీ ఒక మనవి. ఇది చెప్పడానికే వచ్చాను, ప్రసంగం వంక మాత్రమే. మీ అటకల మీద, తాతల ట్రంకు పెట్టెల్లో, పాత వకీళ్ళ ఇళ్ళల్లో, మిషన్ బళ్ళల్లో 1914కు ముందు విదేశాల నుంచి వచ్చిన కవర్లు ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. స్టాంపు బావుందని మూల కత్తిరించకండి కూడా. ఆ స్టాంపు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. కవరు వెనక్కి తిప్పి చూడండి, సీ పోస్ట్ ఆఫీస్ అని గుండ్రటి ముద్ర ఉందేమో. ఉంటే నాకు చూపించండి, ఫోటో తీసుకుని కవరు మీకే ఇచ్చేస్తా. పొద్దున పదింటి తర్వాత ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను.