మందుల గది, అక్కడ పనిచేసే మనుషులు

శ్రోతలకు నమస్కారం.

ప్రభుత్వాసుపత్రి పనితీరును గురించి మాట్లాడేటప్పుడు మనం డాక్టర్లనూ, పడకలనూ, పరికరాలనూ లెక్కపెడతాము గాని, మందుల గదిని అంతగా పట్టించుకోము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ బిళ్ళలు అయిపోయిన రోజున రోగి కోపం కొనుగోలులో ఆలస్యం చేసినవారి దాకా పోదు. కౌంటరు దగ్గర కూర్చున్న ఫార్మసిస్టు మీదికో, "ఆసుపత్రికి రండి, మందులు ఉచితంగా ఇస్తారు" అని ఇంటింటికీ తిరిగి చెప్పిన ఆశా కార్యకర్త మీదికో వస్తుంది. తాను చేయని తప్పుకు పదేపదే మాటపడే మనిషికి ఉద్యోగంలో తృప్తి ఎలా కలుగుతుంది? జీతం, సెలవులు, బదిలీల గురించి చర్చించినంత శ్రద్ధగా మందుల సరఫరా గురించీ చర్చించాలని నేను కోరేది ఇందుకే.

ఈ విషయంలో తమిళనాడు అనుభవం పరిశీలించదగినది. ఆ రాష్ట్రం 1994లో వైద్య సేవల కార్పొరేషన్‌ను స్థాపించి, ప్రభుత్వాసుపత్రుల మందుల కొనుగోలును ఒక్కచోటికి చేర్చింది. జిల్లాల్లో గిడ్డంగులు ఏర్పరచి, వచ్చిన మందుల నమూనాలను తయారీదారు పేరు తెలియకుండా ప్రయోగశాలలకు పంపి, నాణ్యత తేలాకే ఆసుపత్రులకు విడుదల చేసే పద్ధతి పెట్టింది. వీటన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచేది పాస్‌బుక్కు ఏర్పాటు. ఏడాదికి ఇంత విలువగల మందులని ప్రతి ఆసుపత్రికీ కేటాయించి పుస్తకం ఇస్తారు. ఆ హద్దులో ఏ మందు ఎంత కావాలో, తమ ప్రాంతపు జబ్బులు ఎరిగిన అక్కడి సిబ్బందే నిర్ణయించి గిడ్డంగి నుంచి తెచ్చుకుంటారు. తన అంచనాకు విలువ ఉందని తెలిసిన ఉద్యోగి నిల్వను, గడువు తేదీలను మరింత జాగ్రత్తగా చూసుకుంటాడని నా నమ్మకం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా ఇందుకు ప్రత్యేక సంస్థలున్నాయి. జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్ల నుంచి ఆసుపత్రులకు మందులు వెళతాయి. నిల్వల లెక్క కంప్యూటరులో నడుస్తుంది. అయితే వరుసలో నిలబడిన రోగులకు మందులిచ్చే ఫార్మసిస్టే ఆ వివరాలు కూడా ఎక్కించవలసి వచ్చినచోట, నమోదు సాయంత్రానికో మరుసటి రోజుకో వాయిదా పడుతుంది. అప్పుడు తెర మీద కనిపించే నిల్వ ఒకటి, బీరువాలో ఉన్నది మరొకటి. ఆ తప్పు లెక్కను చూసే తరువాతి సరఫరాను నిర్ణయిస్తారు గనుక, కొరత మళ్ళీ అదే కౌంటరు దగ్గర తేలుతుంది. ఈ పనికి ఒక సహాయకుణ్ణి ఇవ్వడం వృథా ఖర్చు కానే కాదు.

ఇండెంటు (కావలసిన మందుల కోసం ఆసుపత్రి పంపే కోరిక పత్రం) పెట్టిన తేదీ, మందు చేరిన తేదీ, మధ్యలో మందు లేకుండా గడిచిన రోజులు, ఈ మూడింటినీ నెలవారీ సమీక్షలో ఓపీ సంఖ్య పక్కనే చూపించి, మందులు సరఫరా చేసేవారిని కూడా జవాబు అడగాలి.