ఒక్కరున్నా 'దే' అనొచ్చా?

శ్రోతలకు నమస్కారం. స్కూల్లో మనకి ఇంగ్లీషు 'దే' అంటే 'వాళ్లు', బహువచనం అని చెప్పి పాఠం ముగించేశారు. అందుకే ఆఫీసు మెయిల్లో "సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా" అని కనబడగానే టెన్షన్, గొడుగు మర్చిపోయింది ఒక్కరే కదా, ఇది రాసినాయనకి గ్రామర్ రాదా అని.

వచ్చు. ఆడో మగో తెలియనప్పుడు ఒక్క మనిషికే 'దే' వాడటం ఇంగ్లీషులో 14వ శతాబ్దం నుంచీ ఉంది. 'దే' అన్న మాట కూడా మొదట ఇంగ్లీషువాళ్లది కాదు, స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చి ఇంగ్లీషులోనే స్థిరపడిపోయింది. 18వ శతాబ్దంలో వ్యాకరణాలు రాసినవాళ్లు ఇది తప్పు, 'హి' అనాలి అని పట్టుబట్టారు, ఆ పద్ధతే చట్టాల్లోకీ ఎక్కింది, చట్టాల్లోని మాటల్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే మన 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్ ప్రకారం పుంలింగ పదాల్లో స్త్రీలూ వచ్చేస్తారు. మాట్లాడే జనం మాత్రం వినలేదు. తమాషా ఏమిటంటే 'యు' కూడా ఒకప్పుడు బహువచనమే, ఒక్కరుంటే 'దౌ' అనేవారు, దాని గురించి ఇప్పుడు ఎవరూ గొడవపడరు.

ఆడ, మగ అన్న రెండిట్లోనూ తాము ఇమడమనుకునేవాళ్లు తమను 'దే' అనమని అడుగుతారు, ఆ అర్థాన్ని మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో చేర్చింది. అలా అడిగితే అలాగే అనాలి, అందులో వాదన ఏముంది? ఒక్కరి గురించైనా 'దే ఆర్' అనే అనాలి, 'దే ఈజ్' కాదు.

నిజానికి ఇది మనకి కొత్తేం కాదు. ఫోన్ చేసింది ఒక్కరే అయినా "ఎవరో ఫోన్ చేశారు" అనమూ?

మనం ఇరుక్కునేది ఇంకోచోట. మనకి బహువచనం గౌరవం కూడా, ఆ అలవాటుతో "మీ సార్ ఉన్నారా" అని అడిగినవాళ్లకి "దే ఆర్ ఇన్ ఎ మీటింగ్" అనేస్తాం. ఇంగ్లీషు 'దే'లో గౌరవం లేదు, కాబట్టి విన్న విదేశీయుడు లోపల నలుగురున్నారేమో అనుకుంటాడు. సార్ అయితే 'హి', మేడమ్ అయితే 'షి' అనండి, అమర్యాదేమీ కాదు. మనసొప్పకపోతే "సార్ ఈజ్ ఇన్ ఎ మీటింగ్" అనండి, సరిపోతుంది.