మొటిమ కనిపించింది ఇవాళ, మొదలైంది ఎప్పుడో

[తెరపై: అనంతపురం బజారు, మెడికల్ షాపు కౌంటర్]

నమస్తే. అనంతపురంలో ఏ మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది: “అన్నా, మొటిమలకు ఏదైనా మంచి క్రీమ్ ఇయ్యి.” అడిగేది ఇంటర్, డిగ్రీ పిల్లలే కాదు, పాతికేళ్లు దాటినవాళ్లు కూడా. అలా ఇచ్చే ట్యూబుల్లో కొన్ని మూడు రోజుల్లో మొహాన్ని నున్నగా చేసేస్తాయి. అలాంటి క్రీమ్‌ను ఎందుకు అనుమానించాలో తెలియాలంటే ముందు మొటిమ ఎలా తయారవుతుందో చూడాలి.

[తెరపై: చర్మం లోపలి బొమ్మ; వెంట్రుక గొట్టం, పక్కనే నూనె గ్రంథి]

వెంట్రుక మొదట్లో ఒక చిన్న నూనె గ్రంథి ఉంటుంది. అది వదిలే జిడ్డు పేరు సీబమ్. చర్మం ఎండిపోకుండా కాపాడేది అదే. ఎదిగే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు (పురుష హార్మోన్లు) పెరుగుతాయి, అబ్బాయిల్లోనే కాదు, అమ్మాయిల్లో కూడా. దాంతో గ్రంథి పెద్దదై జిడ్డు ఎక్కువవుతుంది. మరోపక్క వెంట్రుక గొట్టం లోపల రాలిన మృతకణాలు బయటికి పోకుండా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ రెండూ కలిసి దారి మూసేస్తాయి.

ఈ దశలో అద్దంలో ఏమీ కనబడదు. ఇది మొటిమగా బయటపడేసరికి వారాలు గడుస్తాయి, ఒక్కోసారి రెండు నెలలు.

మూత పైన చర్మం కప్పి ఉంటే తెల్ల చుక్క. తెరుచుకుంటే నల్ల చుక్క. ఆ నలుపు మురికి కాదు కాబట్టి ఎంత రుద్దినా పోదు, రుద్దితే వాపు పెరుగుతుంది. ఇక మూసుకుపోయిన చోట క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. దాని మీదికి మన రోగనిరోధక శక్తి కదులుతుంది. ఎరుపు, నొప్పి, చీము అన్నీ అప్పుడే వస్తాయి. వాపు లోతుకు దిగితే గడ్డలై, మానాక గుంటలు మిగులుతాయి. గిల్లితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

[తెరపై: చెనిక్కాయలు, మామిడిపండ్లు, స్కార్ఫ్ కట్టుకుని స్కూటీ మీద వెళ్తున్న అమ్మాయి]

“చెనిక్కాయలు తిన్నావు, వేడి చేసింది” అని మన ఇళ్లలో పిల్లల్ని తిడుతుంటారు. చెనిక్కాయల వల్ల మొటిమలు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. తీపి పదార్థాలు, కూల్‌డ్రింకులు, మైదా తిండి ఎక్కువైతే కొందరిలో మొటిమలు పెరుగుతాయని మాత్రం పరిశోధనల్లో కనిపించింది. తలకు దట్టంగా పెట్టిన నూనె నుదుటి మీదికి దిగినా వస్తాయి. ఎండకూ దుమ్ముకూ స్కార్ఫ్ కట్టుకోక తప్పదు, కానీ చెమటతో తడిసినదాన్నే ఉతక్కుండా రోజూ కట్టుకోవద్దు. నెలసరి సరిగ్గా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే డాక్టర్‌కు ఆ సంగతి కూడా చెప్పండి. పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూస్తారు.

ఇక మందులు. మొటిమలు కొద్దిగా ఉంటే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, రాత్రిపూట 0.1 శాతం అడాపలీన్ జెల్ మొదటి వరుసలో వస్తాయి. మొదటిది బ్యాక్టీరియాను తగ్గిస్తుంది. తువ్వాలుకు అంటితే రంగు పోతుంది, చూసుకోండి. రెండోది దారి మూసుకుపోకుండా చేస్తుంది. మొటిమ మీద చుక్కలా పెట్టకుండా మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి, ఎందుకంటే కనిపించని మూతలు కూడా అక్కడే ఉన్నాయి. మొదటి వారాల్లో చర్మం పొడిబారుతుంది, కాస్త మండుతుంది. చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితం తెలియాలంటే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు.

గడ్డలు, గుంటలు ఉంటే ఆలస్యం చేయకండి. డాక్టర్ కొన్నాళ్లు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వచ్చు, లేదా ఐసోట్రెటినోయిన్ మాత్రలు. ఐసోట్రెటినోయిన్ బాగా పనిచేసే మందు, కానీ గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. రక్తపరీక్షలు, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

[తెరపై: పేరు చెరిపిన క్రీమ్ ట్యూబు]

మరి మూడు రోజుల క్రీమ్ ఏం చేస్తుంది? వాటిలో చాలావరకు బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచేస్తుంది కాబట్టి ఎరుపు, వాపు వెంటనే తగ్గుతాయి. లోపలి మూత అలాగే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు కనబడతాయి, మొహం మీద వెంట్రుకలు మొలుస్తాయి, ఎండలోకి వెళ్తే మంట పుడుతుంది, కొత్త మొటిమలు వస్తాయి. ఆపితే ఇంకా ఎర్రబడుతుంది, ఆ భయంతో మళ్లీ రాస్తారు. డాక్టర్ చీటీ లేకుండా ఇలాంటి క్రీములు అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. అయినా “తెల్లగా అవుతావు” అన్న మాట మీద ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి. పెళ్లిచూపుల ముందు ఆడపిల్లలకు ఇంట్లోవాళ్లే తెచ్చిస్తున్నారు. ఇది చూస్తే చాలా బాధగా ఉంటుంది. దయచేసి తేవొద్దు.

ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఇంకో క్రీమ్ మొదలుపెట్టకండి. అనంతపురం, కర్నూలు, కడపల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. అక్కడ చూపించుకోండి. ఎన్నాళ్ల నుంచి రాస్తున్నారో దాచకుండా చెప్పండి. ఖాళీ అయినా సరే ఆ ట్యూబు వెంట తీసుకెళ్లండి, అందులో ఏ మందు ఉందో దాని మీదే రాసి ఉంటుంది.