నులక మంచంలా బిగించాలి

(కయాక్ అనే, తెడ్డుతో నడిపే సన్నటి పడవకు సొంతంగా చట్రం కట్టుకున్న కుర్రవాళ్ల ముందు, కావలిలో ఒక టైలరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను షామియానాలు, లారీ టార్పాలిన్లు కుట్టే మనిషిని. పడవ చట్రం మీద గుడ్డ తొడిగి కుట్టమని మొదటిసారి అడిగినప్పుడు నాకూ కొత్తగానే అనిపించింది. కానీ మన వాళ్లకు ఇది కొత్త కాదు. వెదురు బుట్టకు తోలు తొడిగి పుట్టి చేసుకున్నాం. మేకు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు ఈ కోరమండల్ తీరంలోనే అలలు దాటాయి. గట్టిగా బిగిసిపోయిన పడవ అల దెబ్బకు చీలుతుంది, కుట్టింది కాస్త ఒదుగుతుంది. మీ చట్రాన్ని తాడుతో కట్టమన్నది అందుకే.

ఉత్తర ధ్రువం వైపు ఇన్యూయిట్ అనే తెగ ఆడవాళ్లు కయాక్‌కు సీల్ అనే సముద్ర జంతువు తోలు కుట్టేటప్పుడు సూదిని తోలు మందం దాటి అవతలికి రానిచ్చేవారు కాదు. తోలుకు ఇటు నుంచి అటు చిల్లే పడకపోతే నీళ్లు ఎటు నుంచి వస్తాయి? ఆ చేతులకు దండం పెట్టాలి. మన గుడ్డ పలచన, అలా కుదరదు. అందుకే అంచులు లోపలికి మడిచి కుట్టి, చివర నీళ్లు దిగకుండా పాలీయురేథేన్ పూత పట్టిస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. కుట్టు కన్నా ముందు బిగింపు. మొదటిసారి నేను బట్టల లెక్కన ఒక కొస నుంచి కుట్టుకుంటూ పోయాను. మనిషి కూర్చునే చోటికి వచ్చేసరికి గుడ్డంతా ముడతలు. రెండు రోజుల పని విప్పేశాను, చాలా బాధేసింది. ముందు పడవను బోర్లించి గుడ్డ పరవాలి. ముక్కు దగ్గర సంచిలా కుట్టి తొడగాలి. తర్వాత ఇద్దరు మనుషులు తోక వైపుకు లాగి పట్టుకుంటే అక్కడా అలాగే తొడగాలి. పొడవు బిగిశాక పడవను తిప్పి, పైన నడిమధ్యన రెండు అంచులనూ పురికొసతో అటూ ఇటూ లాగాలి. నులక మంచానికి కాళ్ల వైపు తాడు బిగిస్తాం చూడండి, అచ్చం అలాగే. ఒకేసారి కాదు, మూడు నాలుగు విడతలుగా. రెండు అంచులు కలిసే గీత పక్కకు జరగకూడదు. ఆ తర్వాతే మిగులు గుడ్డ కత్తిరించి, మైనం రాసిన దారంతో దగ్గర దగ్గరగా చుట్టు కుట్టు వేయాలి. దబ్బనం వద్దు, పెద్ద చిల్లు పడుతుంది. పరుపులు కుట్టేవాళ్ల వంపు సూది తెచ్చుకోండి.

గుడ్డ గురించి ఒక మాట. నైలాన్ గట్టిది, రాళ్లకు ఓర్చుకుంటుంది. కానీ తేమ పీల్చి సాగుతుంది, అందుకే తడిపి కుడితే ఆరాక బిగుస్తుంది. మళ్లీ మన సముద్రపు గాలికి, వానాకాలంలో వదులవుతుంది కూడా. పాలిస్టర్ తేమ పెద్దగా పీల్చదు, ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ముడుచుకుని బిగుస్తుంది. మన మైపాడు, కొత్తపట్నం వైపు నేనైతే పాలిస్టరే అంటాను. కాకపోతే ముందు పీలిక మీద వేడి చూసుకోండి. కొన్ని గుడ్డలు అసలు ముడుచుకోవు, వేడి ఎక్కువైతే కరిగిపోతాయి.

పూత సంగతి గుడ్డ పూర్తిగా ఆరాక చూద్దాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. ఈ పడవలో నీళ్లను ఆపే అడ్డుగోడలు ఉండవు, నీళ్లు నిండితే మునుగుతుంది. రెండు కొసల్లోనూ గాలి సంచులు కట్టకుండా, లైఫ్ జాకెట్ వేసుకోకుండా బకింగ్‌హాం కాలువలోకి కూడా దించనివ్వను.

సరే, చట్రాన్ని బోర్లించండి. తోక వైపు పట్టుకోవడానికి ఇద్దరు రండి.