టర్బోనా, ఎన్‌ఏనా: ఆ నిర్ణయం కారు కొనే రోజే జరిగిపోతుంది

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది ఒక పిస్టన్. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు సరిగ్గా కనబడదు కాబట్టి చెబుతాను. పైభాగం కాస్త మసి తప్ప శుభ్రంగానే ఉంది. పక్కకు తిప్పితే రింగులు కూర్చునే మూడు గాడులు ఉన్నాయి. మొదటి గాడికీ రెండో గాడికీ మధ్య సన్నటి గట్టు ఒకటి చుట్టూ ఉండాలి. ఇదిగో ఇక్కడ, నా బొటనవేలి గోరంత మేర, ఆ గట్టు లేదు. విరిగిపోయింది. ఫ్యాక్టరీ నుంచి టర్బో లేకుండా వచ్చిన ఇంజన్‌కు టర్బో బిగించి, నెలన్నర నడిపాక బయటికి తీసిన పిస్టన్ ఇది. ఆ ఇంజన్‌ను ట్యూన్ చేసింది నేనే.

కారును మాడిఫై చేయించుకుందామని వచ్చే ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్‌ఏ మంచిదా, టర్బో మంచిదా? ఎన్‌ఏ అంటే నేచురల్లీ యాస్పిరేటెడ్, టర్బో లేకుండా తానే గాలి పీల్చుకునే ఇంజన్. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే పరికరం. ఇన్నేళ్ల పని తరవాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ప్రశ్న కారు కొనకముందు రావాలి, కొన్నాక కాదు. ఏ ఇంజన్ ఏ పద్ధతిలో పుట్టిందో ఆ దారిలోనే దాన్ని పెంచాలి. ఎందుకో చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

ఇంజన్ అంటే ముందుగా ఒక గాలి పంపు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పోయడం సులువే, పెద్ద ఇంజెక్టర్ పెడితే సరి. గాలిని లోపలికి పంపడమే కష్టం. ఎన్‌ఏ ఇంజన్‌లోకి గాలిని తోసేది బయటి వాతావరణ పీడనం మాత్రమే, అంటే సుమారు 1 బార్. అంతకు మించి తోసేవాడు లేడు. అందుకే ఎన్‌ఏలో పవర్ పెంచాలంటే ఇంజన్ సైజు పెంచాలి, లేదా గాలి దారిలో అడ్డు తగ్గించాలి, లేదా నిమిషానికి ఎక్కువసార్లు ఊపిరి పీల్చేలా చేయాలి.

ఈ మూడో దారి ఎంత దూరం పోతుందో చూడాలంటే 1999లో వచ్చిన హోండా ఎస్2000 చూడండి. 2 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, జపాన్ మోడల్‌లో 250 హార్స్‌పవర్. 9000 ఆర్‌పీఎం దాకా, అంటే నిమిషానికి 9000 సార్లు, తిరుగుతుంది. దాని స్ట్రోక్, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు. లెక్క కడితే 9000 దగ్గర పిస్టన్ సగటు వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఆ వేగంలో పైకి వెళ్లి, పూర్తిగా ఆగి, కిందికి వచ్చి, మళ్లీ ఆగి... సెకనుకు 150 సార్లు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నేను ఆ ఇంజన్ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆ స్థాయికి తీసుకెళ్లాలంటే మామూలు ఇంజన్‌కు చాలా పని ఉంటుంది. హెడర్ (ఎగ్జాస్ట్ గొట్టాల సెట్), క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు), హెడ్ పోర్టింగ్ (గాలి దారులను సరిచేయడం), గట్టి వాల్వ్ స్ప్రింగులు, ఎక్కువ కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ నిష్పత్తి). ఒక్కోటి ఇచ్చేది కొంచెమే. అన్నీ ఒకదానికొకటి సరిపోయి, చివర్లో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ అయితేనే ఫలితం కనబడుతుంది. పెద్ద క్యామ్ వేస్తే పై ఆర్‌పీఎంలో పవర్ వస్తుంది కానీ కింది ఆర్‌పీఎంలో ఇంజన్ బలహీనంగా తయారవుతుంది. ట్రాఫిక్‌లో క్లచ్ వదలగానే ఆగిపోయే బండి రోజూ నడపడం ఎంత విసుగో నడిపినవాళ్లకే తెలుసు. ఇంకోటి, రెవ్ లిమిట్‌ను (ఇంజన్ తిరిగే గరిష్ఠ ఆర్‌పీఎంను) 7000 నుంచి 8000కు పెంచడం కంప్యూటర్‌లో ఒక అంకె మార్చినంత తేలిక. కానీ పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే అక్కడ 30 శాతం ఎక్కువ.

మరి ఇంత కష్టపడి ఎన్‌ఏ వెంట పడటం దేనికి? పాదానికీ చక్రానికీ మధ్య ఏమీ అడ్డు లేదనిపించే ఆ స్పందన కోసం. మలుపు మధ్యలో ఉన్నారు, టైరు పట్టు అంచు మీద ఉంది, యాక్సిలరేటర్ వెంట్రుకవాసి నొక్కితే కారు వెంట్రుకవాసే కదలాలి. ఎన్‌ఏ అలాగే చేస్తుంది. ఫెరారీ 2015లో 458 స్థానంలో టర్బోతో 488 తెచ్చింది. పవర్ 570 నుంచి 670కి పెరిగింది. కానీ పూర్తి టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఏడో గేరులో తప్ప ఇవ్వకుండా, కింది గేర్లలో కావాలనే తగ్గించారు. రెవ్ పెరిగేకొద్దీ లాగుడు పెరిగే ఆ ఎన్‌ఏ అనుభూతి పోకూడదని. అంత టర్బో చేసిన వాళ్లే ఎన్‌ఏ అనుభూతి కోసం తాపత్రయపడ్డారంటే అందులో ఏదో ఉందనే కదా.

ఇక టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, దాని ఇరుసుకు రెండో వైపున్న చక్రంతో గాలిని ఇంజన్‌లోకి తోయడం. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, సన్నటి నూనె పొర మీద. టర్బో అదనంగా ఇచ్చే పీడనమే బూస్ట్. 1 బార్ బూస్ట్ అంటే వాతావరణానికి రెట్టింపు పీడనం. ఎత్తైన కొండల్లో దీని విలువ బాగా తెలుస్తుంది. 2000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత దాదాపు ఐదో వంతు తగ్గుతుంది, ఎన్‌ఏ ఇంజన్ పవర్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

కానీ గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద చేయి పెట్టి చూసిన వాళ్లెవరికైనా ఇది తెలుసు. 27 డిగ్రీల గాలిని 1 బార్ బూస్ట్‌కు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికి వచ్చేటప్పుడు అది 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీరు మరిగే వేడి కంటే ఎక్కువ. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్. 1962లో అమ్మకానికి వచ్చిన తొలి టర్బో కార్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కు ఈ సమస్య అప్పుడే వచ్చింది. కంప్రెషన్ 10.25 ఉంచి టర్బో పెట్టారు. నాకింగ్ రాకుండా నీళ్లూ మిథనాల్ కలిపిన ద్రవాన్ని చల్లే ట్యాంకు ఒకటి అమర్చాల్సి వచ్చింది.

నాకింగ్ అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆగి చెబుతాను, ఈ పిస్టన్ కథ అదే కాబట్టి. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా సాఫీగా పాకాలి. లోపలి వేడీ పీడనమూ మితిమీరితే, మంట ఇంకా చేరని మూలలో ఉన్న మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. బయటికి గులకరాళ్లు డబ్బాలో ఊపినట్టు వినబడుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు దెబ్బ పడుతుంది. మొదట దెబ్బతినేవాటిలో ఈ సన్నటి గట్టు ఒకటి.

నేను ట్యూన్ చేసిన ఆ కారులో బూస్ట్ అర బార్ మాత్రమే. ఇంజన్ కంప్రెషన్ 10.5. డైనో (కారును నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద అన్ని రన్నులూ శుభ్రంగా వచ్చాయి. కానీ డైనో మీద రన్ పది పన్నెండు సెకన్లు, ఎదురుగా పెద్ద ఫ్యాను. కారు యజమాని ఒక మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని పొడవాటి ఎత్తు రోడ్డు ఎక్కాడు. పది నిమిషాలు బూస్ట్‌లోనే ఉంది. ఇంటర్‌కూలర్ వేడితో నిండిపోయింది, లోపలికి వెళ్లే గాలి వేడి పెరుగుతూ పోయింది. నేను ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే సమయాన్ని) చల్లటి గాలికి సరిపడా పెట్టాను, వేడికి తగ్గించే పట్టికను సరిగ్గా నింపలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఫ్యాక్టరీ టర్బో ఇంజన్లలో ఈ జాగ్రత్తలన్నీ మొదటి నుంచే ఉంటాయి. టయోటా 2జేజెడ్ ఇంజన్‌లో ఎన్‌ఏ రకానికి కంప్రెషన్ 10, టర్బో రకానికి 8.5. టర్బో దానికి పిస్టన్ల అడుగున నూనె చిమ్మి చల్లార్చే జెట్లు కూడా ఉన్నాయి. పేరు ఒకటే, కడుపులో వేరే ఇంజన్. అందుకే ఫ్యాక్టరీ టర్బో కారుకు మంచి రీమ్యాప్ (ఈసీయూ సెట్టింగులు మార్చడం) చేస్తే టార్క్ 20, 30 శాతం దాకా పెరగడం మామూలే, ఒక్క నట్టు విప్పకుండా. కానీ ఆ టార్క్ కింది రెవ్‌లలోనే వచ్చి పడుతుంది. క్లచ్, గేర్‌బాక్స్ దానికి తట్టుకుంటాయా అని ముందే అడగండి. 2000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ మొత్తం ఇచ్చేసే ట్యూన్‌ను నేను చేయను. రాడ్లు వంగేది అక్కడే.

లాగ్ గురించి, అంటే టర్బో అందుకోవడానికి పట్టే ఆలస్యం గురించి, భయపడేవాళ్లకు ఒక మాట. 1977లో సిల్వర్‌స్టోన్‌లో రెనో ఫార్ములా వన్‌కు తొలి టర్బో కారు తెచ్చింది. యాక్సిలరేటర్ తొక్కాక పవర్ వచ్చేదాకా ఎదురుచూడాల్సిన కారు అది. 1979కి ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెట్టారు. ఆ ఏడాదే డిజోన్ రేసులో రెనో డ్రైవర్ జాబూయ్ దాంతో గెలిచాడు. చిన్న టర్బో త్వరగా లేస్తుంది, పైన త్వరగా అలిసిపోతుంది. మీరు రోజూ 3000, 4000 మధ్య నడిపేవారైతే పెద్ద టర్బోతో వచ్చే అంకె కాగితం మీదే ఉంటుంది.

ఇప్పటికే ఎన్‌ఏ కారు ఉన్నవాళ్లు ఏం చేయాలి? 1100 కిలోల బండి, 120 హార్స్‌పవర్ అనుకోండి. 100 కిలోలు తగ్గిస్తే అది 132 హార్స్‌పవర్ పెట్టినదానితో సమానం. ఆ 12 హార్స్‌పవర్‌ను హెడర్, ఫిల్టర్‌తో రాబట్టడం చాలా ఇంజన్లలో కష్టం. ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందున్న చివరి గేర్ నిష్పత్తి) 4.1 నుంచి 4.5కి మారిస్తే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు 10 శాతం పెరుగుతుంది. టాప్ గేరులో రెవ్ ఎక్కువ ఉంటుంది, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది, అంతే. ముందు టైర్లు, బ్రేకులు, తరవాత ఇవి. ఇంజన్ చివరికి.

అయినా టర్బోనే కావాలంటే ఫోర్జ్‌డ్ (సాగగొట్టి గట్టిపరచిన) పిస్టన్లు, రాడ్లు, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, ఈసీయూ, ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్, క్లచ్ అన్నీ ఒకే కాగితం మీద రాసి కూడండి. చాలాసార్లు ఆ మొత్తం, ఉన్న కారు అమ్మి ఫ్యాక్టరీ టర్బో రకం కొనడానికయ్యే తేడా కంటే ఎక్కువే తేలుతుంది. ట్రాక్ మీద గంటల తరబడి తిరగాలనుకునేవాళ్లకు మాత్రం నేను ఇప్పటికీ ఎన్‌ఏనే చెబుతాను, వేడితో పోరాటం సగం తగ్గుతుంది.

ఈ పిస్టన్‌ను మొదటి వరుస నుంచి పంపుతున్నాను. విరిగిన అంచు పదునుగా ఉంటుంది, జాగ్రత్తగా పట్టుకోండి. దగ్గరగా చూస్తే కరిగిన గుర్తు ఎక్కడా ఉండదు, విరిగిన ఇనుములా గరుకుగా, బూడిదరంగులో ఉంటుంది. అది చేతులు మారుతుండగా మీ ప్రశ్నలు అడగండి.