క్రియాటిన్ డబ్బా, భీమవరం సుబ్బారావు గారు

నమస్కారమండి. ఈమధ్య బరువులెత్తే కుర్రాళ్ళున్న ఏ ఇంటికెళ్ళినా వంటింటి అలమరలో కాఫీపొడి సీసా పక్కన ఒక డబ్బా కనిపిస్తోంది, మూత తీస్తే సన్నటి తెల్లటి పౌడరు, వాసనా లేదు రుచీ లేదు, పేరు క్రియాటిన్. అది లేకపోతే జిమ్‌కి వెళ్ళడం దండగ అని కుర్రాళ్ళంటారు, అది స్టెరాయిడ్, కిడ్నీలు పాడైపోతాయని అమ్మానాన్నలంటారు. రెండూ నిజం కాదు. ఇది స్టెరాయిడ్ అస్సలు కాదు, క్రీడల్లో నిషేధించిన మందుల లిస్టులో కూడా లేదు. మన ఒంట్లోనే కిడ్నీలూ కాలేయమూ కలిసి రోజుకి ఒక గ్రాము దాకా తయారుచేసుకుంటాయి, మాంసమూ చేపా తినేవాళ్ళకి ఇంకొంచెం తిండిలో వస్తుంది, అలా వచ్చిందంతా దాదాపు మొత్తం వెళ్ళి కండల్లో చేరుతుంది.

మరి డబ్బు పెట్టి కొనుక్కుంటే ఉపయోగం ఉందా అంటే, నా మాట ముందే చెప్పేస్తాను. ఉంది. కాస్త ఉంది. ఆ కాస్త అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే డబ్బా అమ్మేవాళ్ళు చెప్పనిది ఆ ఒక్క మాటే.

ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే భీమవరంలో పుట్టిన ఒక మనిషి దగ్గరికి వెళ్ళాలి. ఈ కథ నాకు చాలా ఇష్టం, అందుకని కొంచెం ఎక్కువసేపే చెప్తాను, ఏమనుకోకండి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు, 1922లో మావగారింటివాళ్ళు సాయం చేస్తే ఓడెక్కి అమెరికాలో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు, అక్కడ హాస్పిటల్లో రాత్రి డ్యూటీలు, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసుకుంటూ చదివారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ ల్యాబులో చేరారు. అక్కడ వీళ్ళిద్దరూ మొదట చేసింది పైకి చాలా చిన్న పనిలాగే కనిపిస్తుంది, రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి. నమూనాలో ఫలానా ద్రావణాలు కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదిరితే ఫాస్ఫేట్, అంటే ఫాస్ఫరస్ ఉన్న పదార్థం, అంత ఎక్కువున్నట్టు. 1925లో దాన్ని అచ్చువేశారు, ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని తర్వాత తరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులందరూ ల్యాబుల్లో చేశారు, మన కాలేజీల్లో కూడా.

సరే, రక్తం అయింది, ఇప్పుడు కండలో ఎంతుందో చూద్దామని పిల్లి కండరం తీసుకుని, ప్రోటీన్ తీసేసి, ఆ రసంలో అవే ద్రావణాలు కలిపారు. ఇక్కడ చూడండి ఏమైందో. రక్తానికైతే కాసేపట్లోనే వచ్చి నిలిచిపోవాల్సిన నీలం రంగు, కండ రసానికి నిలవలేదు. మొదట పల్చగా వచ్చింది, ఇంకాసేపాగి చూస్తే ఇంకొంచెం ముదిరింది, ఇంకాసేపటికి ఇంకొంచెం. మెల్లగా, మెల్లగా ముదురుతూనే ఉంది. ఇంకొకరైతే ద్రావణం పాతబడిందేమో, గాజు సరిగ్గా కడగలేదేమో అని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. వీళ్ళు పారబొయ్యలేదు. ఫాస్ఫేట్ ముందే విడిగా ఉంటే రంగు వెంటనే రావాలి కదా, ఆలస్యంగా వస్తోందంటే ఫాస్ఫేట్ ఇంకదేనికో అతుక్కుని ఉందన్నమాట, అది ఇప్పుడు మన కళ్ళముందే విరిగి బయటికొస్తోందన్నమాట, అని పట్టుకున్నారు. దేనికి అతుక్కుని ఉంది? వెతుక్కుంటూ పోతే తేలింది, క్రియాటిన్‌కి. ఒక క్రియాటిన్, ఒక ఫాస్ఫేట్. ఫాస్ఫోక్రియాటిన్.

అక్కడితో ఆగలేదు. కండకి కరెంటు పెట్టి పని చేయించి చూశారు, ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోయింది. కండకి విశ్రాంతి ఇచ్చారు, మళ్ళీ పెరిగింది. అంటే కండ పని చేసేటప్పుడు దీన్నే ఖర్చు పెడుతోంది, ఆగినప్పుడు మళ్ళీ కూడబెట్టుకుంటోంది. 1927లో ఇది బయటపెట్టారు, అదే ఏడాది ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా వేరే దారిలో ఇదే పదార్థం దాకా వచ్చారు కానీ దాంట్లో క్రియాటిన్ ఉందని కచ్చితంగా చూపించింది బోస్టన్ వాళ్ళే. కండ శక్తి అంతా లాక్టిక్ ఆసిడ్ వల్లే అని, 1922లో నోబెల్ కూడా అందుకున్న లెక్క ఒకటుండేది, దాన్ని ఇది కుదిపేసింది. తర్వాత రెండేళ్ళకి, 1929లో, వీళ్ళిద్దరూ కండ నేరుగా ఖర్చుపెట్టే ఇంధనమైన ఏటీపీని కూడా పట్టుకున్నారు, జర్మనీలో లోమాన్ అదే సమయంలో పట్టుకున్నాడు. ఇంత చేసిన మనిషికి హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత మందుల కంపెనీకి వెళ్ళి ఫోలిక్ ఆసిడ్ మీద, బోదకాలు మందు మీద ఆయన చేసిన పని గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. 1948లో పోయారు, యాభై మూడేళ్ళే. మనం 1995లో ఒక స్టాంపు వేసుకున్నాం. జిమ్‌లో షేకర్ ఊపుతున్న ఏ కుర్రాణ్ణైనా అడగండి, ఆయన పేరు విన్నావా బాబూ అని. నాకు నిజంగా బాధేస్తుంది.

సరే, విషయానికొద్దాం. ఆ ఫాస్ఫోక్రియాటిన్ చేసే పనేంటి? అపార్ట్‌మెంట్లో కరెంటు పోయిందనుకోండి, జనరేటర్ స్టార్ట్ అవడానికి టైము పడుతుంది, ఈలోపు ఇన్వర్టర్ టక్కున అందుకుంటుంది కదా, అచ్చం అలాంటిది. కండ బిగుసుకోవాలంటే ఏటీపీ కావాలి, ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది, గ్లూకోజ్ నుంచి కొత్తది బాగా రావాలంటే ఆలస్యం, ఆ మధ్యలో పది సెకన్లు అటూఇటూ ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. అందుకే ఇది మారథాన్ పరిగెత్తేవాళ్ళకి పెద్దగా అక్కరకి రాదు, బరువులెత్తేవాళ్ళకి వస్తుంది. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కేజీలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా, ఒక్కో లిఫ్టూ కొద్ది సెకన్ల పని, ఆ కొద్ది సెకన్లూ ఎవరి కండలోనైనా, మీ కండలోనైనా నా కండలోనైనా, నడిచేది ముఖ్యంగా దీనిమీదే.

మరి పైనుంచి తింటే కండలో పెరుగుతుందా? 1992లో రోజర్ హ్యారిస్ అనే శాస్త్రవేత్త, స్వీడన్‌లో హల్ట్‌మన్, సోడర్‌లండ్ కలిసి మనుషులకి క్రియాటిన్ తాగించి, తొడ కండలోంచి చిన్న ముక్క తీసి కొలిచారు. పెరిగింది. ఎవరి కండలో ముందు తక్కువుందో వాళ్ళకి ఎక్కువ పెరిగింది. అదే ఏడాది బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్ రన్నర్లు కొందరు వాడారని పేపర్లు రాశాయి, ఇంక ప్రపంచమంతా పాకిపోయింది.

ఆ "ముందు తక్కువున్నవాళ్ళు" అన్నది మనవాళ్ళకి ముఖ్యం. శాకాహారుల కండల్లో క్రియాటిన్ తక్కువుంటుంది, పప్పూ కూరల్లో అది ఉండదు, పాలల్లో ఉన్నా నామమాత్రం. కేజీ పచ్చి మాంసంలోనే నాలుగైదు గ్రాములుంటుంది. కాబట్టి ఇంట్లో గుడ్డు కూడా ముట్టనివాళ్ళకి ఈ పౌడరు తేడా ఎక్కువ చూపించొచ్చు, రోజూ చేపలు తినేవాళ్ళకి తక్కువ చూపించొచ్చు.

ఇప్పుడు ఆ కాస్త ఎంతో చెప్తాను. బరువులెత్తుతూ క్రియాటిన్ వేసుకున్నవాళ్ళకీ, బరువులెత్తుతూ క్రియాటిన్ లేని ఉత్త పౌడరు వేసుకున్నవాళ్ళకీ కొన్ని వారాల తర్వాత తేడా చూస్తే, చాలా స్టడీలు కలిపి కొవ్వు కాని బరువు ఒక కేజీ అటూఇటూ ఎక్కువ తేలింది, అందులో కొంత నీరే, ఎందుకంటే క్రియాటిన్ కండలోకి వెళ్తూ నీటిని కూడా తీసుకెళ్తుంది. బలం కూడా కొంచెం పెరుగుతుంది, ఎనిమిది సార్లు ఎత్తేవాడు తొమ్మిదో సారి ఎత్తగలడు, అలా. 2025లో సిడ్నీ నుంచే, యూనివర్సిటీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ వాళ్ళు ఇంకో స్టడీ తెచ్చారు, దాంట్లో రోజుకి ఐదు గ్రాములు వేసుకున్నవాళ్ళు ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టకముందే మొదటి వారంలో, వేసుకోనివాళ్ళకన్నా, కొవ్వు కాని బరువు అరకేజీ ఎక్కువ వచ్చారు, తర్వాత పన్నెండు వారాలు అందరూ బరువులెత్తితే వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ సమానంగా పెరిగింది. అంటే లోపలికెళ్ళే పౌడరు కన్నా ఎత్తే బరువే ఎక్కువ పని చేస్తోంది. చూశారా, కాస్త అన్నాను. వారంలో మూడు రోజులు మానేసేవాడికీ, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసేవాడికీ ఈ డబ్బా ఏమీ చెయ్యలేదు.

కొనాలనుకుంటే మామూలు క్రియాటిన్ మోనోహైడ్రేట్ చాలు. అదే పాతది, అదే చవక, స్టడీలన్నీ దాదాపు దానిమీదే జరిగాయి, క్రియాటిన్ హెచ్‌సీఎల్ అనీ ఇంకో రకమనీ ఎక్కువ రేటుకి అమ్మేవి అంతకన్నా మంచివని తేలలేదు. రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు, జిమ్‌కి వెళ్ళని రోజు కూడా. మొదటి వారం రోజుకి ఇరవై గ్రాములు వేసుకోమంటారు చూడండి, లోడింగ్ అని, అది అవసరం లేదండి. రోజుకి మూడు గ్రాముల చొప్పున నాలుగు వారాలు వేసుకున్నా కండ అక్కడికే చేరుతుందని 1996లోనే హల్ట్‌మన్ బృందం చూపించింది, పైగా ఇరవై గ్రాములకి కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు. నీళ్ళల్లో కలిపి వెంటనే తాగెయ్యండి, కలిపి బాటిల్లో దాచుకోకండి, నిలవుంటే మెల్లగా విరిగిపోతుంది. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన నంబరుందో లేదో చూసుకోండి, సీలు ఊడిన డబ్బాలూ, జిమ్‌లో ఎవరో పేరులేని కవర్లో పోసిచ్చే పౌడర్లూ ముట్టుకోవద్దు. అసలు భయపడాల్సింది అలాంటి వాటికి, జిమ్‌లో ఇచ్చే ఇంజక్షన్లకి.

ఇక కిడ్నీల సంగతి. ఈరోజు ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఏడాదికోసారి ఆఫీసువాళ్ళు రక్తపరీక్షలు చేయిస్తారు. ఒకరోజు మా అక్క ఫోన్ చేసి ఏడుపు, "ఒరేయ్ తమ్ముడూ, వీడి కిడ్నీలు పోయాయట్రా, ఆ పౌడరు తాగొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను." రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమన్నాను. యూరియా బాగుంది, మిగతావన్నీ బాగున్నాయి, సీరమ్ క్రియాటినైన్ దగ్గర 1.4 అని లావు అక్షరాల్లో ఉంది, పక్కన ఒక స్టార్ గుర్తు. నేను వాడికి ఫోన్ చేసి, పౌడరు వేసుకుంటున్నట్టు ల్యాబులో గానీ డాక్టరుకి గానీ చెప్పావురా అంటే, "ఎవరూ అడగలేదు మావయ్యా" అన్నాడు.

జరిగేది ఏంటంటే, కండలో ఉన్న క్రియాటిన్ రోజూ కొంచెం కొంచెం దానంతటదే విరిగి క్రియాటినైన్‌గా మారుతుంది, రక్తంలోకొస్తుంది, కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీ దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది, అందుకే డాక్టర్లు దాన్ని కొలుస్తారు. కానీ క్రియాటిన్ ఎక్కువ తీసుకున్నవాడికి, కండ ఎక్కువున్నవాడికి, కిడ్నీ శుభ్రంగా ఉన్నా ఆ నంబరు కొంచెం పెరుగుతుంది. వడకట్టేది తగ్గి పెరగడం వేరు, వచ్చేది ఎక్కువై పెరగడం వేరు. మా వాణ్ణి కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపాం, ఆయన సిస్టాటిన్-సి అని ఇంకో పరీక్ష రాశారు, అది కండకీ క్రియాటిన్‌కీ సంబంధం లేకుండా కిడ్నీ పనితీరు చెప్తుంది. నార్మల్. మూత్రంలో ప్రోటీన్ కూడా లేదు. అక్క ఆ రాత్రికి అన్నం తింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కిడ్నీలని మామూలు మోతాదులో క్రియాటిన్ పాడుచేసినట్టు ఇన్నేళ్ళ పరిశోధనల్లో తేలలేదు. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అన్నాను. ముందే కిడ్నీ జబ్బున్నవాళ్ళు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్ళు, షుగరూ బీపీ ఉండి ఎప్పుడూ పరీక్ష చేయించుకోనివాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి. ఉద్దానం వైపు కుర్రాళ్ళకి మరీ మరీ చెప్తున్నాను, అక్కడ కిడ్నీ జబ్బు ఏ లక్షణమూ లేకుండా వచ్చి కూర్చుంటుంది, మీరు డబ్బా తెరవకముందే ఒకసారి క్రియాటినైన్ చూపించుకోండి, అప్పుడు తర్వాత నంబరు పెరిగినా దేనితో పోల్చాలో డాక్టరుకి తెలుస్తుంది. నిజానికి ఈ మొదటి పరీక్ష అందరూ చేయించుకుంటే మంచిది, పెద్ద ఖర్చేం కాదు.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు రక్తపరీక్షకి వెళ్ళేటప్పుడు, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, ఒక కాగితం మీద రాసిచ్చెయ్యండి. క్రియాటిన్ ఎప్పట్నుంచి వేసుకుంటున్నారు, రోజుకి ఎన్ని గ్రాములు, ముందు రోజు బాగా బరువులెత్తారా, రాత్రి మటన్ తిన్నారా, ఎందుకంటే ఈ రెండింటివల్ల కూడా క్రియాటినైన్ కాసేపు పెరుగుతుంది. నంబరు ఎక్కువొస్తే కంగారుపడొద్దు, అలాగని పౌడరు వల్లేలే అని మీకు మీరే తీర్పు చెప్పేసుకుని రిపోర్టు సొరుగులో పడెయ్యొద్దు. డాక్టర్ని కలిసి, సిస్టాటిన్-సి చేయించమంటారా అని అడగండి, మూత్రంలో ప్రోటీన్ కూడా చూడమనండి. ఉంటానండి, సెలవు.