షెడ్డు కంటే ముందు నేల

అందరికీ నమస్కారం.

బండ్లు, యంత్రాలు ఉంచే పనుల యార్డును బాగుచేసి పెంచుదామనగానే అందరూ షెడ్డు బొమ్మతో మొదలుపెడతారు. రేకు చెడితే మార్చుకోవచ్చు. నేల చెడితే బండ్లన్నీ రోడ్డున పడతాయి. కాబట్టి ఎక్కువ సేపు నేల గురించే మాట్లాడతాను.

ప్లాను గీయకముందే, గట్టి వాన పడ్డ రోజు యార్డంతా తిరగండి. నీళ్లు నిలిచిన చోట, చక్రాలు దిగబడ్డ చోట మేకులు కొట్టండి. సుద్ద గుర్తులు సాయంత్రానికే కొట్టుకుపోతాయి. తర్వాత మీ దగ్గరున్న పెద్ద టిప్పర్‌ను కొలవండి: అద్దాలతో కలిపి వెడల్పు, తొట్టి పూర్తిగా లేపినప్పటి ఎత్తు. వర్క్‌షాపు దూలం ఆ ఎత్తుకు పైనే ఉండాలి. తలుపు 4.2 మీటర్లకు తగ్గకపోతే మంచిది.

మెరక మట్టిని ఒకేసారి గుమ్మరించి రోలర్ తిప్పితే పైపొర మాత్రమే గట్టిపడుతుంది. 200 మిల్లీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, పొర పొరా తొక్కించాలి. పూడ్చిన పాత పైపు కందకాల దగ్గర ఇంకా జాగ్రత్త, ముందు కుంగేది అక్కడే.

బరువు బండ్లకు 200 మి.మీ. స్లాబు అనుకుందాం. బీట మన గీత వెంటే వచ్చేలా సుమారు 4.5 మీటర్లకో జాయింటు, మందంలో నాలుగో వంతు, అంటే 50 మి.మీ. లోతున కోయాలి. ఎప్పుడు కోస్తామన్నదే కిటుకు. తొందరపడితే బ్లేడు అంచున కంకర ఊడొస్తుంది. రేపు చూద్దాంలే అనుకుంటే కాంక్రీటు ఈలోపే ముడుచుకుని తనకు తోచిన చోట బీటలిస్తుంది. అంచు రాలకుండా బ్లేడు సాగుతోందంటే, అర్ధరాత్రయినా సరే, కోత మొదలుపెట్టాల్సిందే. స్తంభాల చుట్టూ స్లాబు తగలకుండా ఫిల్లర్ బోర్డు, అంటే నొక్కితే అణిగే మెత్తటి అట్ట, పెట్టండి.

పాత స్లాబుకు కొత్తది అతికే చోట డోవెల్ కడ్డీలు, అంటే రెండింటినీ కలిపే నున్నటి ఇనుప కడ్డీలు, వేస్తారు. సగం కడ్డీ పాత కాంక్రీటులో ఎపాక్సీ జిగురుతో బిగియాలి, మిగతా సగానికి గ్రీజు పూయాలి. గ్రీజు మరిచినా, కడ్డీలు వంకరగా దిగినా, ఎండకు స్లాబు జరగలేక అంచు పగులుతుంది. మేస్త్రీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

బండ్లు కడిగే చోటికి పైకప్పు వేయండి, వాననీరు అందులో కలవకూడదు. మీటరుకు 20 మి.మీ. వాటం, ముందు మట్టి అడుక్కి దిగే తొట్టి, ఆ తర్వాత నూనె వేరుచేసే తొట్టి. ఘాటు సబ్బు వాడితే నూనె నీళ్లలో కలిసిపోయి తేలదు. అప్పుడు ఆ తొట్టి ఉన్నా లేనట్టే. డీజిల్ ట్యాంకు చుట్టూ కట్టే గోడ ట్యాంకులో పట్టేదానికి 110 శాతం పట్టేలా ఉండాలి.

పనిని అరలుగా విడగొట్టి, ఒక అర పూర్తయ్యాకే రెండోది తవ్వండి. ఏడు రోజులు నీళ్లు పెట్టాం కదా అని రోలర్ ఎక్కించొద్దు; షెడ్యూలులో 28 రోజులు రాసుకోండి. కాంక్రీటు పోసే ముందు, స్లాబు కింద పోయే ప్రతి పైపు పక్కనా కొలత టేపు పరిచి, స్తంభం కూడా కనబడేలా ఫొటో తీసి స్టోరులో ఉంచండి. ఐదేళ్ల తర్వాత డ్రిల్లు పట్టుకొచ్చేవాడు ముందు దాన్నే అడుగుతాడు.